కొండవీటి చాంతాడు ఎందుకంత పొడవు?

పోయిన వారం మోటుపల్లి రేవు గురించి చెప్పుకున్నాం కదా, ఈ వారం అక్కడి నుంచి కొండెక్కుదాం. నిజంగానే ఎక్కాను. ఇంకా పిక్కలు పట్టేసే ఉన్నాయి, అందుకే కూర్చునే మాట్లాడుతున్నా.

మాది రామాపురం. చీరాల దాటాక వేటపాలెం పక్కన, సముద్రం ఒడ్డున ఉంటుంది. మీలో చాలామంది ఆదివారం వచ్చి, అలల్లో ఫొటోలు దిగి, చేపల వేపుడు తిని వెళ్లే ఉంటారు. మా ఊళ్లో చెయ్యెత్తు ఇసుక దిబ్బ ఎక్కితే అదే కొండ. నీళ్ల కోసం లోతుకి తవ్వాల్సిన పని మా తాతల కాలంలో పెద్దగా లేదు. ఇసుకలో చెలమ తీస్తే ఊరేవి. అలాంటి ఊళ్లో పుట్టిన మా నాయనమ్మ, రేషన్ షాపు ముందు వరస కనపడితే చాలు, "అబ్బో, కొండవీటి చాంతాడంత ఉందిరా" అనేది. నేను పదో తరగతి దాకా చాంతాడంటే ఏదో పాము అనుకున్నా. నవ్వకండి, మీలో ఎంతమందికి తెలుసో చూద్దాం. చాంతాడంటే బావిలో నీళ్లు చేదుకునే తాడు. బొక్కెనకి కట్టి లోపలికి వదులుతారే, అది.

మరి ప్రపంచంలో ఇన్ని ఊళ్లలో ఇన్ని బావులుండగా కొండవీటి తాడే ఎందుకు సామెత అయింది? ఈ ప్రశ్నే నన్ను ఆ కొండ మీదికి తీసుకెళ్లింది.

కార్తీక మాసం, వానలు వెనకబట్టిన రోజులు. నేనూ మా బావా బండి మీద తెల్లారకముందే బయల్దేరి పర్చూరు, చిలకలూరిపేట మీదుగా వెళ్లాం. కొండవీడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి ఇంకా దగ్గర. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది, కారేసుకుని పోవచ్చు. మా బావ ఓటు దానికే. నేను మాత్రం పాత కాలిదారిన ఎక్కి, ఘాట్ రోడ్డున దిగి, బయల్దేరిన చోటికే తిరిగొద్దామని పట్టుబట్టా. చుట్టు తిరిగి వచ్చే నడక అన్నమాట. మధ్యలో ఆగుతూ, కూర్చుంటూ పోతే ఒక పూట పైనే పడుతుంది. మరీ కష్టం కాదు, అలాగని చెప్పులేసుకుని పోయేదీ కాదు.

కొండ కిందే గోపీనాథస్వామి గుడి ఉంది. ఊళ్లో వాళ్లు కత్తుల బావి అంటారు. విందుకని పిలిచిన దొరల్ని ఒక్కొక్కరినే లోపలికి పంపి, కత్తులు నాటిన బావిలో పడేశారని కథ. ఎవరు ఎవర్ని చంపారన్నది మాత్రం చెప్పే మనిషిని బట్టి మారిపోతుంది. కల్నల్ మెకంజీ మనుషులు 1800 ప్రాంతంలో ఊరూరా తిరిగి కరణాల దగ్గర కైఫీయతులు రాయించుకున్నారు. ఇలాంటి కథలు అలా కాగితం మీదకెక్కాయి. శాసనం చెప్పేదాన్ని, కైఫీయతు చెప్పేదాన్ని నేను ఒకే గాట కట్టను. కానీ గమనించారా, భయపెట్టే కథ కూడా ఇక్కడ బావిలోనే జరుగుతుంది.

సరే, ఎక్కడం మొదలుపెడదాం.

దారి మొదట్లో రాళ్లు, బలుసు పొదలు, కలివి కంప. కాస్త పైకి పోయాక సీతాఫలం చెట్లు. కొండవీటి సీతాఫలాలంటే గుంటూరు బజార్లో పేరున్న సరుకు. ఇది ఆకు రాల్చే అడవి. వానాకాలంలో పచ్చగా మూసుకుపోతుంది, మాఘం ఫాల్గుణం వచ్చేసరికి మోదుగ పూలు తప్ప ఆకు కనపడదు, ఎండాకాలం కొండ మొత్తం ఎముకలు బయటపడ్డ ఎద్దులా ఉంటుంది. మేం వెళ్లిన రోజుల్లో ఇంకా పచ్చదనం ఉంది. దారికి అడ్డంగా రెండు మూడు చోట్ల సెలయేళ్లు, చీలమండ దాకా నీళ్లు. మా బావ షూ విప్పి చేత్తో పట్టుకుని ఒకటి దాటాడు, రెండోది షూతోనే దాటేశాడు, మూడోదాన్ని పట్టించుకోలేదు.

ఆ చిన్న ధారల్ని చులకనగా చూడకండి. ఈ కొండల్లో పుట్టిన నీళ్లే ఉత్తరం వైపు దిగి కొండవీటి వాగవుతాయి. అమరావతి రాజధాని ఊళ్ల మీదుగా పారి, ఉండవల్లి దగ్గర కృష్ణలో కలిసేది ఆ వాగే. దాని వరదని ఎత్తి కృష్ణలో పోయడానికి 2018లో అక్కడ పెద్ద ఎత్తిపోతల పథకం కట్టారు. అంటే మేం షూ తడుపుకున్న అలాంటి నీళ్లే కింద ఒక రాజధానిని ముంచుతాయేమోనన్న భయం పుట్టించాయి. దక్షిణం వైపు జారిన నీళ్లు చిలకలూరిపేట వైపు వాగుల్లో పడి, నల్లమడ మీదుగా బాపట్ల తీరానికి, మా సముద్రానికే వస్తాయి.

ఇప్పుడు సముద్రం నుంచి కొండకి వెళ్లిన సంగతి చెప్తా.

కాకతీయ రాజ్యం 1323లో కూలింది. రెండేళ్లలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా సొంత రాజ్యం మొదలుపెట్టాడు. ఎర్రాప్రగడ హరివంశం అంకితం ఇచ్చింది ఈయనకే. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన రాజుగా కూడా ఈయనకి పేరు. ఆయన కొడుకు అనవోతారెడ్డి గద్దె ఎక్కాక రాజధానిని అద్దంకి మైదానం నుంచి కొండవీడుకి మార్చాడు. కొండ సుమారు 1700 అడుగులు. శత్రువుకి ఎక్కడం కష్టం, సైన్యానికి కాపలా తేలిక. కోట మాటకొస్తే మంచి ఆలోచనే. కాపురం మాటకొస్తే?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కోట సినిమాలు చూసి మనం ఫిరంగులు, బురుజులు, గుర్రాలు అనుకుంటాం. ఒక రాజధాని అంటే వేల నోళ్లు. వంటకి, స్నానానికి, గుర్రాలకి, ఏనుగులకి, సున్నం కలపడానికి, అన్నిటికీ నీళ్లే. కొండ మీద నది లేదు. పడ్డ వానే దిక్కు. ఆ వాన నాలుగు నెలలు పడితే మిగతా ఎనిమిది నెలలు దాన్ని దాచుకుని బతకాలి.

మరి అంత చోటికి సరుకు ఎక్కడి నుంచి వచ్చేది? మా పక్క నుంచే. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం పోయిన వారం చూపించాను. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పూర్వపు రాజులు లాగేసుకునేవారు, నేను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ముట్టుకోను అని వర్తకులకి ఇచ్చిన మాట అది. రాజ్యం మారితే మాట పోతుందని వర్తకులకి భయం ఉంటుంది కదా. అందుకే అనవోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించి రేవుకి ధైర్యం చెప్పాడు.

ఆ తర్వాత వచ్చిన కుమారగిరిరెడ్డి కాలానికి, అంటే 1386 నుంచి 1402 దాకా, ఈ రేవు వ్యాపారం జోరు మీద ఉంది. ఆయనకి వసంతోత్సవాల పిచ్చి. కర్పూరం, కస్తూరి, పన్నీరు కలిపి చల్లుకునే పండగ. వాటికి కావాల్సిన సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం ఆ సెట్టికే అంకితం ఇచ్చాడు. సింహళం నుంచి ఏనుగులు, హుర్ముజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు ఆ కుటుంబం ఓడల్లో తెప్పించేదట. హుర్ముజి అంటే ఇప్పుడు వార్తల్లో వినే హోర్ముజ్ జలసంధి దగ్గరి పాత రేవే. గల్ఫ్ నుంచి గుర్రం మా సముద్రం ఒడ్డున దిగి, ఈ కొండెక్కిందన్నమాట. మా బావకి చెప్తే, "గుర్రం పాపం దానికీ ఘాట్ రోడ్డు లేదు" అన్నాడు.

లకుమ పేరు మీరు వినే ఉంటారు. కుమారగిరి ఆస్థానంలో నాట్యగత్తె. ఆమె ఆటని పొగిడే సంస్కృత శ్లోకం ఆ కాలంలోనే పుట్టింది. అంతవరకూ గట్టి ఆధారం. ఆమె ప్రేమ, ఆమె చావు చుట్టూ అల్లిన కథలు మాత్రం తర్వాతివాళ్ల కలాల్లోంచి వచ్చాయి. రీల్స్‌లో కొండవీడు అని కొడితే ముందు లకుమే వస్తుంది. నాకు అభ్యంతరం లేదు. కానీ నీళ్లు మోసిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ రాదు. వసంతోత్సవంలో రంగు కలిపిన ఆ నీళ్లు ఎవరో ఒకరు చాంతాడు లాగి తీసినవే.

పైకి చేరేసరికి పదకొండు దాటింది. పాత కోటకి నాదెళ్ల దర్వాజా, కొలేపల్లి దర్వాజా అని రెండు ప్రధాన ద్వారాలు. గోడలు కొండ వంపుల్ని పట్టుకుని పోతుంటాయి. కొన్ని చోట్ల బండరాళ్ల మీద బండరాళ్లు అలాగే నిలబడ్డాయి, కొన్ని చోట్ల రావి వేరు దూరి చీల్చేసింది. లోపల పడిపోయిన మండపాలు, గుడి, మసీదు. రాళ్ల మీద సున్నంతో పేర్లు కూడా ఉన్నాయి, అవి రెడ్డిరాజులవి కాదు, పోయినేడాది వచ్చిన కుర్రాళ్లవి.

అప్పటికి మా నీళ్లు అయిపోయాయి. తప్పు నాదే. మనిషికో లీటరు చాలన్నది నేనే. ఎండ ముదిరింది, బావ మొహం ఎర్రగా అయింది, మాటలు తగ్గాయి. అతను జోకులు మానేశాడంటే పరిస్థితి బాలేదని అర్థం. సీసా తలకిందులు చేసి మూతలో పడ్డ చుక్కలు కూడా ఇద్దరం పంచుకున్నాం. సరిగ్గా అప్పుడే చెట్ల మధ్య నుంచి చెరువు కనపడింది.

కొండ మీద మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. మేం వెళ్లినప్పుడు ముందున్నదాంట్లో నీళ్లు బాగానే ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే పైన పచ్చగా పాచి, అంచున చిప్స్ పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు. దోసిట్లోకి తీసుకుని మొహం కడుక్కున్నాం. తాగడానికి ధైర్యం చాల్లేదు. ఎదురుగా చెరువు, నోరు ఎండిపోయింది. ఎన్ని పుస్తకాలు చదివినా అర్థం కాని సంగతి ఆ పది నిమిషాల్లో అర్థమైంది నాకు. ఈ మూడు చెరువులే కోటకి ప్రాణం. ఒక్క ఏడు వాన మొహం చాటేస్తే ఏ గోడా కాపాడదు.

రెడ్డిరాజులకి ఇది మనకన్నా బాగా తెలుసు. పెదకోమటి వేమారెడ్డి 1402 నుంచి ఏలాడు, శ్రీనాథుడు ఆయన దగ్గరే విద్యాధికారి. ఆయన భార్య సూరాంబ కొండ కింద ఫిరంగిపురం దగ్గర సంతానసాగరం అనే చెరువు తవ్వించింది. 1409 నాటి శాసనం ఆ సంగతి చెప్తుంది. తర్వాత ఆమె కొడుకు రాచవేమారెడ్డి అమ్మ చెరువులోకి నీళ్లు రావడానికి కాలువ తీయించాడు. దాని పేరు జగనొబ్బగండ కాలువ, అమీనాబాదు శాసనంలో ఉంది. వసంతోత్సవాలకన్నా నాకు ఈ చెరువూ ఈ కాలువా గొప్పగా అనిపిస్తాయి. చాలామంది వీడియోల్లో వీటి ఊసే ఉండదు.

అయితే అదే రాచవేముడి గురించి కైఫీయతుల్లో ఇంకో మాట ఉంది. పుట్టిన బిడ్డకి కూడా పురిటి సుంకం వేశాడని, అది భరించలేక సవరం ఎల్లయ్య అనే బంటు అతన్ని పొడిచి చంపాడని. కాలువ సంగతి రాయి మీద ఉంది, సుంకం సంగతి జనం నోట్లో ఉంది. రాయి రాజు వేయించేది, నోరు జనానిది. నేనైతే రెండూ నమ్మేలా ఉన్నాయంటాను. నీళ్లిచ్చిన చేయే పన్ను గుంజడం కొత్తేం కాదు. ఏదైతేనేం, 1424తో కొండవీటి రెడ్డిరాజుల కథ ముగిసింది. శ్రీనాథుడు ముసలితనంలో ఆదరించే దిక్కులేక పడ్డ కష్టాల గురించి చాటువులు మీరు స్కూల్లో చదివే ఉంటారు.

తర్వాత కోట చేతులు మారుతూనే ఉంది. విజయనగరం, ఆ తర్వాత ఒరిస్సా గజపతులు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడు. దారిలో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం కోటలు పట్టుకుని చివరికి కొండవీటిని చుట్టుముట్టాడు. లోపల ఉన్నది ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు. కోట పడింది జూన్ నెలలో. ఆ నెల పేరు వినగానే నాకు చెరువు గుర్తొచ్చింది. రోహిణి కార్తె దాటి, వానలింకా ఊపందుకోని రోజులు. ఆ కొండ మీద నీళ్లు ఏడాదిలోకెల్లా అడుగంటే కాలం అది. నీళ్లయిపోయి కోట పడిందని ఏ శాసనమూ చెప్పట్లేదు, నేనూ చెప్పట్లేదు. కానీ అక్కడ ఎండిన నోటితో నిలబడి ఆ తేదీ తల్చుకుంటే ఆ లోపలివాళ్ల మీద జాలేసింది. గెలిచినవాళ్ల కథ మనకి అలవాటు. వీరభద్రుణ్ణి పట్టుకుపోయారు. తనకంటే తక్కువవాడితో కత్తి యుద్ధం చేయమంటే అవమానంతో ప్రాణం తీసుకున్నాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు.

తిమ్మరుసు మేనల్లుడు నాదిండ్ల గోపమంత్రి కొన్నాళ్లు కొండవీటిని ఏలాడు. 1579లో గోల్కొండ కుతుబ్‌షాహీలు తీసుకున్నారు, పేరు ముర్తజానగర్ అయింది. మధ్యలో ఫ్రెంచివాళ్లు, చివరికి 1788లో గుంటూరు సర్కారుతో పాటు ఇంగ్లీషు కంపెనీ. ఫిరంగులొచ్చాక కొండకోటకి విలువ తగ్గింది, ఊరు మైదానానికి దిగింది, గుంటూరు పెరిగింది. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేశా, ఎందుకంటే వివరంగా కావాలంటే మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు 1948లో తెచ్చిన రెడ్డి రాజ్యాల చరిత్ర ఉంది. మా వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం లైబ్రరీలో కూర్చుని ఇలాంటివి చదువుకోవచ్చు. ఏసీ ఉండదు, ఫ్యాన్ కింద సీటు కోసం కాస్త ముందెళ్లాలి.

దిగేటప్పుడు ఘాట్ రోడ్డు. నడవడానికి తేలికే, కానీ నీడ తక్కువ, తారు కాలుతోంది. బావ కళ్లు తిరుగుతున్నాయని రెండుసార్లు కూర్చున్నాడు. ఒక వంపు దగ్గర చెట్టు కింద ఓ పెద్దావిడ గంపలో సీతాఫలాలు పెట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి అడక్కముందే స్టీలు డబ్బా మూత తీసి నీళ్లిచ్చింది. బావ ఆగకుండా తాగాడు. తర్వాత నేను.

"ఏ ఊరయ్యా మీది?" అంది.

"రామాపురం మామ్మా, సముద్రం దగ్గర."

"అంత నీళ్లున్న ఊరోళ్లు నీళ్లు తెచ్చుకోకుండా వచ్చారా!"

సమాధానం లేదు నా దగ్గర. రెండు డజన్ల సీతాఫలాలు కొన్నాం, బేరం కూడా ఆడలేదు. అప్పుడు అడిగా, కొండవీటి చాంతాడు అంటారు కదా మామ్మా, నిజంగానే ఇక్కడ బావులు అంత లోతా అని. ఆవిడ చెయ్యి ఊపేసింది.

"మా అత్త రోజుల్లో ఒక్కతి లాగితే సరిపోయేది కాదయ్యా, ఇద్దరు పట్టేవాళ్లు. తాడు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంటే అదే ఒక గంప. ఇప్పుడు తాడెక్కడిది, అంతా బోరు."

"హమ్మయ్య, కష్టం పోయింది గదా."

"ఏం పోయింది? బోరు దింపేటప్పుడు పైపుల మీద పైపులు అతికిస్తానే ఉన్నాడు. అదీ చాంతాడే."

నాయనమ్మ ఉంటే ఈ మాట చెప్పేవాణ్ణి. సీతాఫలాలు రెండు రోజుల్లో మాగాయి, ఇంట్లో అందరం తిన్నాం.

మీరు వెళ్లాలనుకుంటే వానలు తగ్గాక, పొద్దున్నే, గుంపుగా వెళ్లండి. మనిషికి మూడు లీటర్లు పట్టుకెళ్లండి, ఖాళీ సీసా కిందికి తెచ్చేయండి. సెలయేటి రాళ్లు నాచు పట్టి జారతాయి, మా బావ మోకాలే సాక్ష్యం. వచ్చే వారం సంతానసాగరం ఇప్పుడెలా ఉందో చూడ్డానికి ఫిరంగిపురం వైపు వెళ్తున్నా. ఉంటాను మరి.